ఆదివారం చూడని ఇల్లాలు

ప్రతి సోమవారం తెల్లవారుతూనే మేకుల కార్ఖానాలో మోటారు మీట పైకి ఎత్తగానే, గోడకి ఇవతల గదిలో ఫిట్టరు భార్య కళ్లు తెరిచి, శనివారం రాత్రి సగంలో ఆగిపోయిన మాటను పూర్తి చేసేది.

"...మూత పెట్టు, పిల్లి వస్తుంది," అనేది.

పిల్లి ఆదివారమే వచ్చి, పాలు తాగి, మూతి నాక్కుని, కాస్సేపు కునుకు కూడా తీసి వెళ్లిపోయి ఉండేది. కూతురు అలాగేనమ్మా అని ఖాళీ గిన్నె మీద మూత పెట్టేది. ఇందులో వింతగా చెప్పుకునేదేమీ ఆ వీధిలో ఎవరికీ కనపడలేదు. ఒక్కో ఇంట్లో ఒక్కో మనిషి ఒక్కో తీరు.

ఆ గదికీ కార్ఖానాకీ మధ్య ఒకటే గోడ. అవతల పెద్ద మిషను, ఇవతల ఆవిడ మంచం. పెళ్లై వచ్చిన కొత్తలో ఆవిడ గుండె ఆవిడ మాటే వినేది. తర్వాత ఎప్పుడో, పక్కింటి గడియారం చూసి మన గడియారం దిద్దుకున్నట్టు, మిషను దెబ్బ విని తన దెబ్బ దిద్దుకుంది. అప్పట్నుంచీ మిషను కొడితే కొట్టేది, అది ఆగితే ఆగేది. ఆగినప్పుడు ఆవిడ చచ్చిపోయేది కాదు. ఉన్నచోట ఉన్నట్టు ఉండిపోయేది, అంతే. మిషను రాత్రీ పగలూ నడిచేది. మధ్యాహ్నం భోజనాలప్పుడూ, ఆదివారమూ మాత్రం ఆగేది. కార్ఖానాలో భోజనాల కూత పడబోయే ముందు కూతురు వచ్చి తల్లి చేతిలో గరిటె తీసుకుని, పొయ్యి ఆర్పి, ఆవిణ్ని పీట మీద కూర్చోబెట్టేది. "మీ అమ్మ ఆగిందా? అయితే నేనూ వడ్డిస్తాను," అని పక్కింటావిడ కిటికీలోంచి అడిగి టైము తెలుసుకునేది. ఆదివారాలు మంచం మీద పడుకోబెట్టి, మెడ దాకా దుప్పటి కప్పి, ఈగలు వాలకుండా పల్చటి గుడ్డ ఒకటి మొహం మీద వేసేవాళ్లు.

ఆ పెద్ద మిషనుకి వీధి ఆడవాళ్లు పెట్టిన పేరు మావగారు. ఆయన దగ్గితే కోడలు లేవాలి, ఆయన కునుకు తీస్తే కోడలు కదలకూడదు. పేరు కార్ఖానా లోపలికి కూడా పాకి, చివరికి యజమాని సైతం "మావగారికి నూనె పోశారా?" అని అడిగే స్థితికి వచ్చింది.

ఇక మావగారి గొంతు సంగతి. అది మామూలు గొంతు కాదు. ఇనుప తీగ మింగి మేకులు కక్కే మిషన్లు లోపల వరసకి వరస నిలబడి ఉంటే, అన్నిటి చప్పుడూ ఒక ఎత్తు, మావగారిది ఒక్కటీ ఒక ఎత్తు. ఆ వీధి మీద ఎగిరే కాకులు అరవడం దండగని నోరు మూసుకుని ఎగిరేవి. కుక్కలు దొంగని చూసి నోరు తెరిచి మూసేవి, మర్యాద కోసం. మొగుడూ పెళ్లాలు గుసగుసలాడుకుంటే మూడో వీధిలో వాళ్లు సిగ్గుపడేవాళ్లు. అక్కడ పుట్టిన పిల్లలు ఏడవడం నేర్చే ముందు పెదాలు చదవడం నేర్చేవాళ్లు. గోడకి కొట్టిన మేకులు వాటంతటవే ఊడొచ్చేవి. మేకులు తయారుచేసే వీధిలో గోడకి ఒక్క బొమ్మ నిలిచేది కాదు.

ఇంకొకటి కూడా ఆ వీధిలో నిలిచేది కాదు. ముసలితనం. జుట్టు తెల్లబడటమంటే అక్కడ అదొక అరుదైన విద్య. తీగ చుట్టలు మోసే మనిషి చేతిలో టీ గ్లాసు పట్టుకునే పోయాడు. టీ ఒలకలేదని మెచ్చుకున్నారు. మేకులకి మెరుగుపెట్టే అతను తలుపు గొళ్లెం తీయబోయి తలుపుకే ఆనుకుని ఉండిపోయాడు. బస్తాలు కుట్టే ఆవిడ నిద్రలోంచి లేవలేదు. గుండె, గుండె అనుకున్నారు. సిగరెట్లన్నారు, నూనె అన్నారు, దిష్టి అన్నారు, రాత అన్నారు. చప్పుడని మాత్రం ఎవరూ అనలేదు. ఆ చప్పుడే అన్నం. అన్నం పెట్టే చేతిని ఎవరనుమానిస్తారు?

ఫిట్టరు ఆ కార్ఖానాకి చెవి. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటి ఉండేది అతని దగ్గర. దాని మొన మిషను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. ఏ బేరింగు అరిగింది, ఏ బోల్టు వదులైంది, ఏ పన్ను విరగబోతోంది, జాతకం చెప్పినట్టు చెప్పేవాడు. గేటు దగ్గర నిలబడి లోపలి నట్టు పేరు చెప్పడం అతనికి ఉఫ్ మని ఊదినంత పని. ఒకసారి జ్వరంతో ఒళ్లు పెనంలా కాలుతుంటే, మూసిన కన్ను తెరవకుండానే "మావగారికి నూనె అయిపోయింది" అని గోడ మీద గుద్దాడు. అవతల వాళ్లు వెళ్లి చూస్తే నూనె డబ్బాలో చుక్క లేదు. మేకుల గుట్ట పక్కన నడుస్తూ, ఇందులో తల లేకుండా పుట్టిన మేకొకటుంది అని ఆగి, చెయ్యి పెట్టి తీసి చూపించిన మనిషి అతను. మధ్యాహ్నం అన్నం మిషన్ల పక్కనే తినేవాడు. మిషన్లు రోజంతా ఆగేది ఆదివారమే గనక మరమ్మతులన్నీ ఆదివారమే. అంచేత అతనికీ ఆదివారం ఇల్లు తెలీదు. మొగుడికి ఆదివారం ఇల్లు తెలీదు, పెళ్లానికి ఆదివారమే తెలీదు.

ఆవిడ అప్పుడప్పుడు కూతుర్ని అడిగేది. "ఆదివారం ఎలా ఉంటుందే?"

"ఏముందమ్మా. చప్పుడుండదు."

"చప్పుడు లేకపోతే మరేం ఉంటుంది?"

కూతురు కార్ఖానాలో మేకులు తూచి పొట్లాలు కట్టే పిల్ల. ఎంత ఆలోచించినా ఆ ప్రశ్నకి జవాబు తూకానికి రాలేదు.

ఆవిడ వీధి మలుపు దాటి ఎరగదు. చెల్లెలి పెళ్లికి ఒకసారి బయల్దేరింది. మలుపు తిరిగి, మావగారి గొంతు వెనకబడగానే, బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టి అలాగే ఆగిపోయింది. కండక్టరు విసుక్కున్నాడు, జనం పక్కనుంచి ఎక్కారు. మోసుకుని వెనక్కి తెచ్చి మలుపు దగ్గర దించితే రెండో కాలు ఎత్తి పెట్టబోయి, బస్సేదీ అని అడిగింది.

ఇలా ఉండగా ఆవిడకి ఆయాసం మొదలైంది. బిందె ఎత్తితే ఆయాసం, వంగితే ఆయాసం. సాయంత్రానికి పాదాలు ఉబ్బి చెప్పులు పట్టేవి కావు. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక తలగడ మీద తలగడ వేసుకునేది. మొగుడికి చెప్పింది. అతను స్క్రూడ్రైవరు తీసి, మొనకి గుడ్డ చుట్టి, ఆవిడ గుండె మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మొహం మీద సంగీతం వింటున్నవాడి నవ్వు.

"తిరుగులేదు," అన్నాడు. "దెబ్బకీ దెబ్బకీ వెంట్రుక తేడా లేదు. బేరింగులు కొత్తవి. ఇంత శుద్ధమైన గుండె ఈ వీధిలో ఇంకో దానికి లేదు."

"మరి ఆయాసమెందుకు?"

"పని తగ్గించు."

పని తగ్గించలేదు గానీ ఆవిడ నమ్మింది. ఆ చెవి తప్పు చెప్పిందని ఆ వీధిలో ఎవరూ విని ఎరగరు. అతను అక్కడితో ఆగలేదు. పక్కింటావిణ్ని పిలిచి వినిపించాడు, ఎదురింటతన్ని పిలిచి వినిపించాడు. అందరూ విని, మావగారే నయం అనుకున్నారు. ఆ తర్వాత ఆవిడ ఆయాసమన్న ప్రతిసారీ అతను విన్నాడు, ప్రతిసారీ మిషను సరిగ్గా నడుస్తోందనే చెప్పాడు. అతను వింటున్నది మిషనునే అని అతనికి తట్టలేదు.

అప్పుడు యజమానికి మేకులు చాల్లేదు. ఎక్కడో ఊళ్లకి ఊళ్లు కడుతున్నారు, ఇంకా కావాలి, ఇంకా త్వరగా కావాలి అన్నాడు. మావగారిని ఇంతకన్నా పరిగెత్తించడం ఎవరి తరమన్నాడు. నా తరం అన్నాడు ఫిట్టరు. మోటారుకున్న పుల్లీ తీసి అంతకన్నా పెద్ద పుల్లీ వేస్తే మిషను వేగం పెరుగుతుంది. కానీ ఆ పాత ఒంటికి ఆ వేగం తట్టుకునే జవ ఉందా అన్నది ప్రశ్న. అతను ఒక ఆదివారమంతా మావగారి కడుపులో దూరి పడుకున్నాడు. బేరింగులు మార్చాడు, బెల్టు బిగించాడు, అడుగున బోల్టుల్ని భూమి అవతలి వైపు తేలేంత బిగించాడు. బయటికొచ్చినప్పుడు అతని పళ్లు తప్ప తెల్లగా ఏమీ లేవు. సోమవారం పొద్దున మీట ఎత్తితే మేకులు వాన కురిసినట్టు కురిశాయి. మేకుకింత అని కూలి గనక కార్ఖానా అంతా కేకలు వేసింది, ఆ కేకలు ఎవరికీ వినపడలేదు. అతన్ని భుజాల మీద ఎత్తుకుని తిప్పారు.

గోడకి ఇవతల ఆవిడ కళ్లు తెరవడం మామూలుగా తెరవలేదు, ఉలిక్కిపడి తెరిచింది. మాట పూర్తి చెయ్యలేదు. లేచి, ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టి, ఊడ్చిన ఇల్లు మళ్లీ ఊడ్చింది. మొహం కందిపోయింది. కణత మీద నరం ఎగిరెగిరి పడుతోంది. రాత్రి నిద్రలో కూడా ఆవిడ కాళ్లు మంచం మీద నడిచాయని కూతురు చూసింది. వారం తిరగకుండానే నీళ్ల పంపు దగ్గర కూలబడింది.

డాక్టరమ్మ ఇంటికే రావాల్సి వచ్చింది. ఆవిడకి ఆ వీధి కొత్త కాదు. చాలాసార్లు వచ్చింది, ఎక్కువసార్లు ఆలస్యంగా పిలిస్తే వచ్చింది. అన్నీ చూసి, ఫిట్టరుని దగ్గరికి రమ్మని అరిచింది. అక్కడ వైద్యమంతా అరుపుల్లోనే జరగాలి.

"రక్తపోటు చెయ్యి దాటిపోయింది. గుండె గోడలు మందమయ్యాయి. కాళ్లలోనే కాదు, ఊపిరితిత్తుల్లో కూడా నీరు చేరుతోంది."

"దెబ్బ సరిగ్గానే పడుతోంది డాక్టరమ్మా. రోజూ వింటున్నాను. వెంట్రుక తేడా లేదు."

"అదే జబ్బు," అంది డాక్టరమ్మ. "గుండె అన్నాక మెట్లెక్కితే తొందరపడాలి, పడుకుంటే నెమ్మదించాలి, కూతురు ఇంటికి రావడం ఆలస్యమైతే ఒక దెబ్బ ఎక్కువ కొట్టాలి. ఈవిడ గుండె నిద్రలో కూడా ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోంది."

 మరి ఆగిపోతుంది కదా, దాని మాటేమిటని అడిగాడు ఫిట్టరు.

"ఆగడం వల్ల ఈవిడకి నష్టం లేదు. ఆదివారాలే ఈవిణ్ని ఇంతకాలం బతికించాయి. పరుగు చంపుతోంది." డాక్టరమ్మ గోడ వైపు చూసింది. గోడ వణుకుతోంది. "ఈ వీధిలో నేను చూసిన గుండెలన్నీ ఇంతే, ఈవిడది ముదిరింది. చప్పుడు చెవిలో ఆగిపోతుందనుకుంటారు మీరంతా. చెవి అలవాటు పడుతుందయ్యా. రక్తం పడదు. ఈ వేగంతో అయితే ఈ ఎండాకాలం దాటదు ఈవిడ. ఏదీ, మిమ్మల్ని కూడా ఒకసారి చూడనివ్వండి."

అతను చొక్కా గుండీ మెడ దాకా పెట్టుకున్నాడు. నాకేం, ఇనుపముక్కని అన్నాడు.

ఆ సాయంత్రమే యజమాని ముందు నిలబడి పాత పుల్లీ వేస్తానన్నాడు. జన్మలో మొదటిసారి అతను ఒకర్ని బతిమాలాడు. యజమాని ఉండేది ఊరికి అవతలి కొసన, చెట్ల మధ్య. అక్కడ ఆకు రాలితే ఎక్కడ రాలిందో తెలుస్తుంది. ఆయన ఓపిగ్గా విన్నాడు. చివరికి, "నేను చేసేది మేకులు ఫిట్టరూ, గుండెలు కాదు," అన్నాడు. కోపంగా అనలేదు. అదే నొప్పి.

కార్ఖానాలో వాళ్ల దగ్గరికి వెళ్లాడు. అతని చేతి కింద పని నేర్చినవాళ్లు, మొన్న సోమవారమే భుజాల మీద ఎత్తుకున్నవాళ్లు. అందరూ కలిసి అడిగితే యజమాని దిగొస్తాడని అతని ఆశ. వాళ్లు బూట్ల వైపు చూసుకున్నారు. కూలి పెరిగి అప్పుడే ఒకరిద్దరు పిల్లల్ని బడి మార్చారు. వాళ్లలో పెద్దవాడు చివరికి నోరు విప్పాడు. "ఒక్క ఇంట్లో గుండె కోసం ఇన్ని ఇళ్లలో పొయ్యి ఆర్పుతావా అన్నా? పెద్ద పుల్లీ వేసిందీ నువ్వే కదా."

ఫిట్టరు ఇంటిదారి పట్టాడు.

ఆదివారం వచ్చింది. మరమ్మతులకి రమ్మని మనిషి వచ్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. ఫిట్టరు వెళ్లలేదు. ఆగిపోయిన పెళ్లాం పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. మొహం మీద గుడ్డ తీశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిణ్ని ఇలా ఆగినప్పుడు అతను చూడటం అదే మొదలు. కళ్లు మూసి, నోరు కొద్దిగా తెరిచి, ఏదో అనబోతూ ఉన్నట్టుంది. అతనికి ఏం చెయ్యాలో తోచలేదు. పని లేకపోతే అతని చేతులు అతనివి కావు. మూల సొట్ట పడ్డ ఇనుప బకెట్టు కనిపిస్తే ఒళ్లోకి లాక్కుని, సుత్తి తీసి, సొట్ట తీయడం మొదలుపెట్టాడు. మనసులో బరువుండి దెబ్బ నెమ్మదిగా పడుతోంది. కానీ అది ఫిట్టరు చెయ్యి. ఆ చేతిని చూసి చంద్రుడు తన రాకపోకలు దిద్దుకునేవాడంటే అబద్ధం కాదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య అదే ఎడం, అదే బరువు.

"ఇవాళ మావగారికి ఒంట్లో బాగోలేదా?" అంది ఆవిడ. "ఇంత నెమ్మదిగా నడుస్తున్నారేం?"

కళ్లు తెరిచి ఉన్నాయి. అతను సుత్తి ఆపలేదు. ఆపితే ఏమవుతుందో అతనికి ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

"లేవకు," అన్నాడు. "ఇవాళ ఆదివారం."

ఆవిడ కదలకుండా చెవులు రిక్కించింది. రెండు దెబ్బల మధ్య ఎదురింట్లో ఎవరో తుమ్మారు. పంపు కింద బిందె నిండుతోంది. చాలా దూరంలో ఎవరో ఎవర్నో పిలిచి, పలక్కపోతే మళ్లీ పిలిచారు. ఆవిడ కళ్లలోంచి నీళ్లు కారి చెవుల్లోకి పోయాయి.

"ఇన్ని ఉన్నాయా," అంది.

ఆలోచన కూతురిది. ఊరవతల పళ్లతోట ఒకటుంది, కాపలా మనిషి కావాలంటున్నారు, ఒక గది కూడా ఇస్తారు. రేపు పొద్దున మీట ఎత్తితే మావగారి గొంతు ముందు నాన్న సుత్తి నిలవదు. వెళ్తే ఇవాళే వెళ్లాలి. మేకుల బస్తాలు తోసే బండి మీద పరుపు వేసి తల్లిని పడుకోబెట్టింది. పిల్ల బండి తోసింది, ఫిట్టరు బకెట్టు చంకన పెట్టుకుని కొడుతూ పక్కన నడిచాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. ఎవరూ ఎక్కడికని అడగలేదు, ఎవరూ ఆగమని కూడా అనలేదు.

మలుపు వచ్చింది. మలుపు దాటింది. ఆవిడ కళ్లు తెరిచే ఉన్నాయి.

ఆ ప్రయాణం గురించి చెప్పాలంటే సైన్యాలు నడిచిన కథలు చిన్నబోతాయి. ఎండ నెత్తిన నిలబడి చూసింది. రోడ్డు తనకి తానే సాగి రెట్టింపైంది. పెద్ద రోడ్డు మీద లారీ ఒకటి వెనకే వచ్చి, హారను మీద మోచెయ్యి పెట్టి వదల్లేదు. ఆవిడ గుండె ఆ హారను వైపు తల తిప్పింది. రొమ్ము ఎగిరెగిరి పడింది, పెదాలు నీలంగా మారాయి. ఫిట్టరు బకెట్టు మీద పిడుగులు కొట్టాడు. హారనుకీ సుత్తికీ జరిగిన ఆ యుద్ధంలో బకెట్టు అడుగు ఊడి రోడ్డు మీద పడింది. అతను ఒక్క దెబ్బ కూడా పోనివ్వకుండా బండి ఇనుప పట్టీ మీదకి మారాడు. లారీవాడే ఓడిపోయి ముందుకెళ్లాడు. ఆవిడ మళ్లీ ఊపిరి తీసింది. తోట చేరేసరికి ఫిట్టరు అరిచెయ్యి చిట్లి, సుత్తి పిడి ఎర్రబడింది. ఎడమ చెయ్యి ఎందుకో భుజం దాకా లాగుతోందనుకున్నాడు. బకెట్టు మోసిన చెయ్యి కదా అనుకున్నాడు.

మర్నాడు మావగారు దగ్గినప్పుడు గోడకి ఇవతల ఎవరూ లేవలేదు.

తోటలో బతుకు దెబ్బల మీద బతుకు. పగలు తండ్రి, రాత్రి సగం కూతురు, సగం మళ్లీ తండ్రి. మొదట సుత్తితో ఇనుము మీద. తర్వాత, ఈవిడ చెవికి ఇంత అక్కర్లేదేమోనని, కొయ్య సుత్తితో. కొన్నాళ్లకి పిడికిలితో మంచం పట్టె మీద. చివరికి ఒక్క వేలితో. చప్పుడు తగ్గేకొద్దీ ఆవిడ పాదాల వాపు దిగింది. తలగడలు ఒక్కోటీ పక్కకి పోయాయి. డాక్టరమ్మ వచ్చి చూసి, మందులు కొన్ని తగ్గించింది. ఇప్పుడు ఆవిడ గుండె మిషను లాంటిది కాదు, మనిషి వేలి లాంటిది. ఫిట్టరుకి కోపమొస్తే వేలు తొందరపడేది, ఆవిడకి ఆయాసమొచ్చేది.

"నా మీద కోప్పడకండి. కోప్పడితే నాకే కొట్టుకుంటుంది," అనేది. "ఏ మొగుడికీ లేని సౌకర్యం మీకే వచ్చింది."

కూతురి వేలు ఒక్కోసారి ఎవర్నో తలుచుకుని తడబడేది. తల్లి కళ్లు మూసుకునే, "ఎవరే వాడు?" అని అడిగేది.

ఆవిడ అన్ని ఆదివారాలూ చూసింది. సోమవారాలు కూడా అలాగే ఉంటాయని తెలిసి ఆశ్చర్యపోయింది. కానీ మొగుడి మొహం చూస్తే ఆవిడకి దిగులు. అతని చెంపలు లోపలికి పోయాయి. గొంతు కింద చెమట పడుతుంది. వేలు మంచం మీద కొడుతూనే ఉంటుంది, రెండో చెయ్యి ఒక్కోసారి రొమ్ము మీదికి వెళ్లి, ఆవిడ చూస్తే దిగిపోతుంది. అతన్ని ఒకసారి చూడనివ్వమని డాక్టరమ్మ మళ్లీ అడిగింది, అతను మళ్లీ గుండీ పెట్టుకున్నాడు. ఇన్నేళ్లు మావగారికి అందరికన్నా దగ్గరగా నిలబడింది మీరే కదా అని డాక్టరమ్మ అంటే, దగ్గరున్నవాణ్ని కరవదు అన్నాడు. వెళ్లబోతూ డాక్టరమ్మ ఇంకోమాట చెప్పింది: రెండు దెబ్బల మధ్య ఈవిడ గుండె ఏదో సొంతంగా గొణుగుతోంది, ఒక్కసారి వేలు ఆపి చూడండి, నేనుండగానే. ఫిట్టరు వినలేదు.

ఆ సాయంత్రం ఆ మాట ఆవిడే ఎత్తింది.

"ఒక్కసారి ఆపి చూడరాదూ."

"ఆపను."

"ఆగితే ఆగిపోతాను. నాకది కొత్తా? మళ్లీ కొడితే లేస్తాను."

"లేవకపోతే?"

"మీరు ఎన్నాళ్లని కొడతారు?"

"నేనున్నన్నాళ్లు."

"మీరు లేని రోజున?"

అతను నవ్వాడు. నవ్వితే వేలు ఒక దెబ్బ తప్పింది. ఇద్దరూ ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమీ కాలేదు. వేలు మళ్లీ అందుకుంది. ఆ సంగతి మరి ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం కూతురు సరుకులకి వెళ్లింది. ఎండ కిటికీలోంచి వచ్చి మంచం కాలి దగ్గర పడుకుంది. ఆవిడ గోడవైపు తిరిగి నిద్రపోతోంది. ఫిట్టరు పీట మీద కూర్చుని, మంచం పట్టెకి తల ఆనించి, వేలితో కొడుతున్నాడు.

ఆవిడకి మెలకువ వచ్చింది. ఏదో తేడాగా ఉంది. తోటలో పిట్ట ఒకటి అరిచి ఊరుకుంది. అది ఊరుకున్నాక ఇంకేమీ లేదు. ఇంత ఏమీ లేకపోవడం ఆవిడ ఎప్పుడూ వినలేదు. ఆగిపోయాను కాబోలు అనుకుంది. ఆగిపోయినవాళ్లు అనుకోరు కదా అని కూడా అనుకుంది. చెయ్యి రొమ్ము మీద పెట్టుకుంది. లోపల ఒకటి కొట్టి, కాస్త ఆలోచించి, ఇంకోటి కొట్టింది. తర్వాత రెండు వెంటవెంటనే. వంకరగా, తడుముకుంటూ, అడుగులు నేర్చే పిల్లలా. ఎవరి మాటా వినకుండా.

"ఏమండీ, చూశారా," అంది గోడవైపే తిరిగి ఉండి. "నడుస్తోంది."

జవాబు రాలేదు. అతని చెవి ఎప్పుడూ తప్పదు కదా, వినే ఉంటాడని ఎదురుచూసింది. గుండె తొందరపడటం మొదలుపెట్టింది. డాక్టరమ్మ చెప్పిన తొందర అది, మనిషి గుండె పడాల్సిన తొందర. ఆవిడ ఇటు తిరగడానికి చాలాసేపు పట్టింది.

అతని తల పట్టె మీదే ఉంది. వేలు పట్టెకి ఆని ఉంది. ఆవిడ ఆ చెయ్యి ఎత్తింది, వదిలితే పడింది.  మంచం దిగి, మూల ఉన్న కొయ్య సుత్తి తెచ్చుకుని, నేల మీద అతని పక్కన కూర్చుని, పట్టె మీద కొట్టడం మొదలుపెట్టింది. ఒకటే ఎడం, ఒకటే బరువు. అతను ఇన్నాళ్లు ఎలా కొట్టాడో అలాగే. ఆవిడ గుండె ఆ దెబ్బని లెక్కచెయ్యలేదు, తన దారిన తను కొట్టుకుంటూ పోయింది. ఆవిడ మాత్రం అతని రొమ్ము వైపే చూస్తూ కొట్టింది.

కూతురు సంచులు మోసుకుని తోట గేటు దగ్గరికి వచ్చేసరికి దెబ్బ వినిపించింది. ఇవాళ నాన్న గట్టిగా కొడుతున్నాడు, ఒంట్లో కాస్త నయంగా ఉన్నట్టుంది అనుకుంది. ఇక తొందరేం లేదని సంచులు కింద పెట్టి, చేతులు విదిలించుకుని, చెట్టు నీడలో కాస్సేపు కూర్చుంది.